విశ్రాంతి నుంచి చలనానికి: కీళ్ళ కదలిక వ్యాయామాల చరిత్ర

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- కీళ్ళ కదలిక పరిధి అంటే ఏమిటో, దానికి సంబంధించిన వ్యాయామాలు ఎన్ని రకాలో చెప్పగలుగుతారు;
- 19వ శతాబ్దంలో వైద్యుల మధ్య ‘విశ్రాంతి – చలనం’ వివాదం ఎందుకు వచ్చిందో వివరించగలుగుతారు;
- పోలియో చికిత్సలో రాబర్ట్ లోవెట్, విల్‌హెల్మిన్ రైట్, ఎలిజబెత్ కెన్నీల పాత్రను అంచనా వేయగలుగుతారు;
- భారతదేశంలో ఈ చికిత్స కుష్ఠువ్యాధిగ్రస్తుల శస్త్రచికిత్సతో ఎలా ముడిపడిందో తెలుసుకుంటారు.

1. ప్రస్తావన

పక్షవాతం వచ్చిన వ్యక్తి ఉన్న ఇంట్లో ఈ దృశ్యం మీరు చూసే ఉంటారు. ఉదయం స్నానం కాగానే కొడుకో కోడలో మంచం పక్కన కూర్చుంటారు. పడిపోయిన చేతిని ఒక చేత్తో మోచేతి దగ్గర, మరో చేత్తో మణికట్టు దగ్గర పట్టుకుంటారు. దాన్ని నెమ్మదిగా పైకెత్తి దించుతారు. తరువాత మోచేతిని మడిచి చాపుతారు. ఆ తరువాత ఒక్కొక్క వేలినీ తెరుస్తారు. ఫిజియోథెరపిస్టు చెప్పినట్లు ఇలా పూటకు కొన్నిసార్లు చేస్తారు. చూడటానికి ఇది చాలా మామూలు పని. ఇందులో మందు లేదు, యంత్రం లేదు.

అయితే ఈ మామూలు పనిని వైద్యశాస్త్రం అంగీకరించడానికి వంద సంవత్సరాలకు పైగా పట్టింది. ఒకప్పుడు పోలియో వచ్చిన పిల్లవాడి కాలును ఇలా కదిలించడం పెద్ద తప్పని చాలామంది వైద్యులు నమ్మారు. కాళ్ళకు, చేతులకు బద్దలు కట్టి పిల్లలను నెలల తరబడి కదలనివ్వకుండా ఉంచేవారు. ఆ నమ్మకం ఎలా పుట్టింది, ఎలా మారింది, మార్చినవారు ఎవరు అన్నదే ఈ పాఠంలోని విషయం.

ముందుగా కొన్ని పదాలు తెలుసుకుందాం. ఒక కీలు ఎంతవరకు వంగగలదో, ఎంతవరకు చాచగలమో, ఆ మొత్తం మేరను ‘కదలిక పరిధి’ అంటారు. దీన్ని డిగ్రీలలో కొలుస్తారు. ఉదాహరణకు, ఆరోగ్యవంతుడు చేతిని ముందు నుంచి తలపైకి ఎత్తినప్పుడు భుజం సుమారు 180 డిగ్రీల వరకు కదులుతుంది. ఈ పరిధిని కాపాడటానికి చేసే వ్యాయామాలు మూడు రకాలు. రోగి ప్రయత్నం లేకుండా మరొకరు అవయవాన్ని కదిలిస్తే అది నిష్క్రియ వ్యాయామం. రోగి కొంత, సహాయకుడు కొంత బలం పెడితే అది సహాయక వ్యాయామం. రోగి తనంతట తానే కదిలిస్తే అది సక్రియ వ్యాయామం. ఈ విభజనకు మూలాలు 19వ శతాబ్దపు స్వీడన్‌లో ఉన్నాయి. కాబట్టి మన చరిత్రను అక్కడి నుంచే మొదలుపెడదాం.

2. స్వీడన్‌లో ఆరంభం: లింగ్, జాండర్

పేర్ హెన్రిక్ లింగ్ (1776–1839) వైద్యుడు కాడు. కత్తిసాము నేర్పే గురువు, కవి. 1813లో స్టాక్‌హోమ్‌లో రాజ్య కేంద్ర వ్యాయామ సంస్థను స్థాపించాడు. ఆయన వ్యాయామాన్ని నాలుగు శాఖలుగా విభజించాడు: విద్యకు సంబంధించినది, సైన్యానికి సంబంధించినది, వైద్యానికి సంబంధించినది, సౌందర్యానికి సంబంధించినది. వీటిలో వైద్య వ్యాయామమే నేటి ఫిజియోథెరపీకి ఒక ముఖ్యమైన మూలం.

లింగ్ పద్ధతిలో రోగిని ఒక నిర్ణీత భంగిమలో కూర్చోబెట్టేవారు లేదా పడుకోబెట్టేవారు. శిక్షణ పొందిన వ్యక్తి అవయవాన్ని పట్టుకుని నిర్ణీత దిశలో, నిర్ణీత మేర కదిలించేవాడు. రోగి కదుపుతుంటే కొంచెం ఎదురుబలం పెట్టడం కూడా ఇందులో ఉండేది. అంటే కదలికను ఒక మందులాగా, మోతాదు ప్రకారం ఇవ్వవచ్చన్న ఆలోచన ఇక్కడ రూపుదిద్దుకుంది. వైద్యులు కానివారు రోగులను తాకి చికిత్స చేయడం స్వీడన్ వైద్యులలో కొందరికి నచ్చలేదు. ఈ తగాదా చాలాకాలం సాగింది. చివరకు 1887లో స్వీడన్ ప్రభుత్వం ఈ వృత్తివారికి అధికారిక నమోదు కల్పించింది.

అదే నగరంలో గుస్తావ్ జాండర్ (1835–1920) అనే వైద్యుడు మరో దారి పట్టాడు. ఒక్కొక్క రోగికి ఒక్కొక్క మనిషి చేయి పట్టి చికిత్స చేయాలంటే ఖర్చు ఎక్కువ. అదీగాక మనిషి బలం రోజూ ఒకేలా ఉండదు. అందుకని ఆయన యంత్రాలు తయారు చేయించి 1865లో ఒక చికిత్సాలయం తెరిచాడు. కొన్ని యంత్రాలను రోగే బరువులకు ఎదురుగా కదపాలి. మరికొన్ని ఆవిరి శక్తితో నడుస్తూ రోగి అవయవాలను కదిలించేవి. 1876లో ఫిలడెల్ఫియాలో జరిగిన ప్రదర్శనలో ఈ యంత్రాలకు బహుమతి కూడా లభించింది. నేటి వ్యాయామశాలల్లో మనం చూసే యంత్రాలకు ఇవి పూర్వరూపాలు.

3. విశ్రాంతి వాదం

స్వీడన్‌లో ఇలా జరుగుతుండగా బ్రిటన్‌లో గాలి మరో దిక్కుకు వీచింది. 1863లో శస్త్రవైద్యుడు జాన్ హిల్టన్ విశ్రాంతి, నొప్పి అనే విషయాలపై తన ఉపన్యాసాలను పుస్తకంగా ప్రచురించాడు. గాయపడిన శరీరం తనను తాను బాగుచేసుకుంటుందనీ, దానికి అడ్డు రాకుండా విశ్రాంతినివ్వడమే వైద్యుడి మొదటి విధి అనీ ఆయన వాదించాడు. అంతకు కొద్దికాలం ముందే, 1850ల ఆరంభంలో, డచ్ సైనిక వైద్యుడు ఆంటోనియస్ మాతైసెన్ పిండికట్టును వాడుకలోకి తెచ్చాడు. దీనితో అవయవాన్ని కదలకుండా బిగించడం ఎంతో సులువైంది.

ఈ వాదాన్ని పతాకస్థాయికి తీసుకువెళ్ళినవాడు లివర్‌పూల్ వైద్యుడు హ్యూ ఓవెన్ థామస్ (1834–1891). ఆయనది తరతరాలుగా ఎముకలు కట్టే కుటుంబం. కాని ఆయన వైద్యవిద్య చదివి పట్టా పొందాడు. జబ్బుపడిన కీలుకు విశ్రాంతి సంపూర్ణంగా ఉండాలి, మధ్యలో ఆగకూడదు, చాలాకాలం కొనసాగాలి అన్నది ఆయన సిద్ధాంతం. అందుకోసం ఆయన తయారుచేసిన ఇనుప బద్దకట్టు నేటికీ ‘థామస్ స్ప్లింట్’ పేరుతో ఆసుపత్రుల్లో ఉంది.

నేటి జ్ఞానంతో చూసి థామస్‌ను మొండివాడని అనుకోవడం తేలిక. కాని ఆయన ముందున్న రోగులు ఎవరో గమనించాలి. వారిలో చాలామంది తుంటికి, మోకాలికి, వెన్నుకు క్షయ సోకిన పేద పిల్లలు. అప్పటికి క్షయకు మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ 1940లలో గాని రాలేదు. చీము పట్టిన కీలును కదిలిస్తే నొప్పి, వాపు పెరిగేవి. అటువంటి కీలుకు విశ్రాంతి నిజంగానే మేలు చేసింది. మొదటి ప్రపంచ యుద్ధంలో తొడ ఎముక విరిగిన సైనికుల ప్రాణాలను ఇదే బద్దకట్టు పెద్ద సంఖ్యలో కాపాడింది.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, క్షయ కీలుకు సరిపోయిన సూత్రాన్ని ఇతర కీళ్ళన్నింటికీ వర్తింపజేయడంలో వచ్చింది. ఎముక విరిగినా, కీలు బెణికినా, నరాలు దెబ్బతిన్నా ఒకటే మంత్రం: కట్టి ఉంచు. కట్టు విప్పే నాటికి ఎముక అతికి ఉండేది. కాని దాని పక్కనున్న కీలు బిగుసుకుపోయి, కండరాలు సన్నబడి ఉండేవి.

4. ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఎదురువాదం

ఈ పరిణామాన్ని ఫ్రెంచి శస్త్రవైద్యుడు జస్ట్ లూకా-షాంపియోనియేర్ (1843–1913) నిశితంగా గమనించాడు. విరిగిన ఎముక అతకడం మాత్రమే చికిత్స కాదు, అవయవం మళ్ళీ పనిచేయాలి అన్నది ఆయన వాదం. అనేక రకాల విరుగుళ్ళలో మొదటి రోజుల నుంచే మృదువైన మర్దన, కొద్దిపాటి కదలిక ఇవ్వాలని చెప్పాడు. 1895లో ఈ విషయంపై ఆయన గ్రంథం వెలువడింది.

ఆయన పద్ధతిలో ముఖ్యమైన అంశం మోతాదు. మర్దన అంటే పిసకడం కాదు. కదలిక అంటే గుంజడం కాదు. నొప్పి వచ్చిందంటే మోతాదు మించిందని అర్థం. తక్కువ కదలిక ప్రాణం పోస్తుంది, ఎక్కువ కదలిక హాని చేస్తుంది అన్నది ఆయన బోధ సారాంశం. చాలామంది సహవైద్యులు దీన్ని ఒప్పుకోలేదు. ఎముక ముక్కలు జరిగిపోతాయన్నది వారి భయం. కొన్ని రకాల విరుగుళ్ళలో ఆ భయం నిజమైనదే. కాబట్టి ఇది తెలివైనవారికి, తెలివితక్కువవారికి మధ్య జరిగిన వివాదం కాదు. రెండు నిజమైన ప్రమాదాలలో దేనికి ఎక్కువ భయపడాలి అన్న వివాదం.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
అ) లింగ్ పద్ధతికి, జాండర్ పద్ధతికి ప్రధాన భేదం ఏమిటి?
ఆ) థామస్ విశ్రాంతి సిద్ధాంతం ఏ రోగుల విషయంలో సమంజసమైనది?

5. యుద్ధం, మహిళలు, కొత్త వృత్తి

వైద్యులు వాదించుకుంటున్న కాలంలో రోగి అవయవాన్ని స్వయంగా చేత్తో పట్టి పనిచేసినవారిలో మహిళలు ఎక్కువ. 1894లో బ్రిటన్‌లో నలుగురు నర్సులు – లూసీ రాబిన్సన్, రోజలిండ్ పాజెట్, ఎలిజబెత్ మ్యాన్లీ, మార్గరెట్ పామర్ – శిక్షణ పొందిన మర్దనకర్తల సంఘాన్ని స్థాపించారు. అప్పట్లో లండన్‌లో మర్దన పేరుతో అనైతిక వ్యాపారం సాగుతోందని పత్రికల్లో గొడవ చెలరేగింది. తమ వృత్తి గౌరవాన్ని కాపాడుకోవడానికి వారు పరీక్షలు, నియమాలు ఏర్పరచుకున్నారు. 1920లో ఆ సంస్థకు రాజ శాసనం లభించింది. నేటి బ్రిటిష్ ఫిజియోథెరపీ సంఘం దాని నుంచి వచ్చిందే.

మొదటి ప్రపంచ యుద్ధం ఈ వృత్తికి పెద్ద మలుపు. తుపాకి గుండ్లు, ఫిరంగి ముక్కలు తగిలిన వేలాది సైనికులు గాయాలు మానినా చేతులు ముడుచుకుపోయి, మోకాళ్ళు బిగుసుకుపోయి మిగిలారు. వారిని తిరిగి పనిలో పెట్టడం ప్రభుత్వాల అవసరమైంది. అమెరికా సైన్యం ‘పునర్నిర్మాణ సహాయకులు’ అనే పేరుతో యువతులకు శిక్షణ ఇచ్చింది. వారిలో ప్రముఖురాలు మేరీ మెక్‌మిలన్ (1880–1959). 1921లో ఏర్పడిన అమెరికా ఫిజియోథెరపిస్టుల తొలి సంఘానికి ఆమే మొదటి అధ్యక్షురాలు. మర్దన, చికిత్సా వ్యాయామాలపై ఆమె రాసిన పాఠ్యగ్రంథం కూడా అదే ఏడాది వెలువడింది.

ఈ కాలంలోనే కొలత ప్రాధాన్యం పెరిగింది. సైనికుడి చేయి ఎంత బాగుపడిందో, అతడికి ఎంత పింఛను ఇవ్వాలో తేల్చాలంటే ‘కొంచెం నయం’ అన్న మాట చాలదు. కీలు ఎన్ని డిగ్రీలు వంగుతోందో కోణమాపకంతో కొలిచి రాయాలి. అయితే అందరూ ఒకే తీరుగా కొలవడానికి చాలాకాలం పట్టింది. 1965లో అమెరికా ఎముకల శస్త్రవైద్యుల అకాడమీ ప్రచురించిన చిన్న పుస్తకం ఈ కొలతలకు ఒక ప్రామాణిక పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చింది.

6. పోలియో: కండరాన్ని పరీక్షించడం

యుద్ధంతో పాటు ఈ వృత్తిని తీర్చిదిద్దిన మరో శక్తి పోలియో. 1916లో అమెరికాలో వచ్చిన పోలియో వ్యాప్తిలో 27,000 మందికి పైగా వ్యాధి సోకింది. సుమారు 6,000 మంది చనిపోయారు. బతికినవారిలో ఎంతోమంది పిల్లలకు కాళ్ళు, చేతులు పడిపోయాయి.

పోలియో వైరస్ వెన్నుపాములో కండరాలను నడిపే నాడీకణాలను దెబ్బతీస్తుంది. కొన్ని కణాలు చనిపోతాయి. కొన్ని దెబ్బతిని కోలుకుంటాయి. దీనివల్ల ఒకే కాలులో ఒక కండరం పూర్తిగా పడిపోతే, దాని పక్క కండరం సగం బలంతో ఉంటుంది. బలమైన కండరం బలహీనమైనదాన్ని తనవైపు లాగేస్తుంది. పట్టించుకోకపోతే పాదం వంకర తిరుగుతుంది, మోకాలు వంగి బిగుసుకుపోతుంది. ఈ వంకర పోలియో నేరుగా తెచ్చింది కాదు. కదలిక కరువైన కీలులో తరువాత ఏర్పడేది.

బోస్టన్ వైద్యుడు రాబర్ట్ లోవెట్ (1859–1924), ఆయన సహాయకురాలు విల్‌హెల్మిన్ రైట్ ఇక్కడ ముఖ్యమైన పని చేశారు. ఏ కండరంలో ఎంత బలం మిగిలిందో తెలుసుకోవడానికి భూమ్యాకర్షణనే తూనికరాయిగా వాడారు. రోగి అవయవాన్ని పైకి ఎత్తగలడా? ఎత్తి, చికిత్సకుడి చేతి ఒత్తిడిని తట్టుకోగలడా? పైకి ఎత్తలేకపోయినా పక్కకు జరపగలడా? ఈ ప్రశ్నల ఆధారంగా కండరాలకు శ్రేణులు ఇచ్చారు. 1912లో రైట్ ఈ శిక్షణా పద్ధతి గురించి వ్యాసం ప్రచురించింది. నేటికీ వాడే కండర బల పరీక్షకు ఇదే పునాది. పడిపోయిందని అందరూ వదిలేసిన కండరంలో కూడా కొంత జీవం ఉండవచ్చని ఈ పరీక్ష చూపింది. ఏ రోగికి నిష్క్రియ, సహాయక, సక్రియ వ్యాయామాలలో ఏది తగునో నిర్ణయించడానికి దారి దొరికింది.

అయితే లోవెట్ ఎప్పుడూ కదలికనే కోరలేదు. 1921 ఆగస్టులో 39 ఏళ్ళ ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌కు కాళ్ళు పడిపోయినప్పుడు అంతకుముందు చూసిన వైద్యుడు గట్టిగా మర్దన చేయించాడు. రోగి నొప్పితో విలవిలలాడాడు. లోవెట్ వచ్చి అది పోలియో అని గుర్తించి, మర్దన ఆపించాడు. వ్యాధి తొలిదశలో అది హాని చేస్తుందన్నది ఆయన అభిప్రాయం. అదే రూజ్‌వెల్ట్ తరువాత జార్జియాలోని వార్మ్ స్ప్రింగ్స్ వేడినీటి కొలనుల్లో సంవత్సరాల తరబడి వ్యాయామం చేశాడు. 1927లో అక్కడ పోలియో రోగుల కోసం ఒక సంస్థను నెలకొల్పాడు. ఒకే రోగి, ఒకే వ్యాధి. కాని తొలిదశలో విశ్రాంతి, తరువాత చలనం.

7. ఎలిజబెత్ కెన్నీ: సరైన పని, తప్పు వివరణ

1930ల నాటికి చాలా దేశాల్లో పోలియో చికిత్స మళ్ళీ విశ్రాంతి వైపు గట్టిగా మొగ్గింది. వంకర వస్తుందన్న భయంతో పిల్లల అవయవాలను బద్దలలో, పిండికట్లలో నెలల తరబడి బిగించేవారు. ఈ పద్ధతిని ఎదిరించినది ఆస్ట్రేలియాకు చెందిన ఎలిజబెత్ కెన్నీ (1880–1952).

కెన్నీకి నర్సుగా క్రమబద్ధమైన పట్టా లేదు. పల్లెల్లో గుర్రం మీద తిరుగుతూ రోగులను చూసేది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనిక నర్సుగా చేసిన సేవ వల్ల ‘సిస్టర్’ అన్న హోదా వచ్చింది. అది మతపరమైన బిరుదు కాదని గమనించాలి. 1911లో వైద్యుడు అందుబాటులో లేని ఒక ఊరిలో పోలియో సోకిన బాలికకు వేడి ఉన్ని గుడ్డలతో కాపడం పెట్టి నొప్పి తగ్గించానని ఆమె తన ఆత్మకథలో చెప్పుకుంది. తరువాతి పరిశోధకులు ఈ వృత్తాంతాన్ని కొంత సందేహంతోనే చూశారు. ఆత్మకథను చారిత్రక ఆధారంగా వాడేటప్పుడు ఇటువంటి జాగ్రత్త అవసరం.

ఆమె పద్ధతి ఇది. ఉన్ని దుప్పటి ముక్కలను వేడినీటిలో ముంచి, నీరు కారకుండా పిండి, నొప్పిగా బిగిసిన కండరాలపై చుట్టేవారు. కీళ్ళను మాత్రం కప్పేవారు కాదు. కండరం సడలిన తరువాత, నొప్పి లేనంత మేర అవయవాన్ని చికిత్సకురాలు నెమ్మదిగా కదిలించేది. ఆ సమయంలో రోగి ఊరకే పడుకోకూడదు. ఏ కండరం కదలాలో అక్కడ మనసు పెట్టాలి. కొద్దిపాటి కదలిక తిరిగి వచ్చాక సొంతంగా కదపడం నేర్పేవారు. అప్పుడు కూడా వేరే కండరంతో ఆ పని నడిపించుకోకుండా కనిపెట్టి చూసేవారు.

1930లలో క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం ఆమె చికిత్సాలయాలకు సాయం చేసింది. కాని వైద్యులతో నియమించిన విచారణ సంఘం 1938లో ఇచ్చిన నివేదికలో బద్దకట్లు మానేయడాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. 1940లో కెన్నీ అమెరికా వెళ్ళింది. అనేక చోట్ల ఆమె మాట ఎవరూ వినలేదు. మినియాపొలిస్‌లో మాత్రం వాలెస్ కోల్, మిలాండ్ నాప్, జాన్ పోల్ అనే వైద్యులు ఆమె చికిత్స చేస్తుంటే స్వయంగా చూశారు. పిల్లలకు నొప్పి తగ్గడం, కీళ్ళు మెత్తగా ఉండటం వారి కళ్ళముందే కనిపించింది. 1941లో కోల్, నాప్ తమ పరిశీలనలను ప్రముఖ వైద్య పత్రికలో ప్రచురించారు. 1942లో ఆ నగరంలో కెన్నీ పేరుతో చికిత్సా సంస్థ ఏర్పడింది. కొద్ది సంవత్సరాలలోనే అమెరికాలో పోలియో పిల్లలకు బద్దకట్లు కట్టడం చాలావరకు తగ్గిపోయింది.

ఇక్కడ చరిత్ర విద్యార్థి జాగ్రత్తగా ఆలోచించాల్సిన విషయం ఒకటుంది. కెన్నీ తన చికిత్సకు ఇచ్చిన వివరణ తప్పు. పోలియో ప్రధానంగా కండరాలను దెబ్బతీసే వ్యాధి అని ఆమె నమ్మింది. నాడీకణాల నాశనమే అసలు కారణమని వైద్యులకు అప్పటికే తెలుసు. చనిపోయిన నాడీకణాన్ని ఏ వ్యాయామమూ బతికించలేదు. పోలియో రోగుల్లో చాలామంది ఏ చికిత్స లేకపోయినా కొంత కోలుకుంటారు కూడా. కాబట్టి ఆమె చెప్పుకున్న ఫలితాలన్నీ ఆమె చికిత్స వల్లనే వచ్చాయని అనలేం. ఆమె మాటతీరు కరకు. తన సిద్ధాంతాన్ని ప్రశ్నించినవారిని సహించేది కాదు.

అయినా ఆమె చేతులు చేసిన పని సరైనదే. నొప్పిని తగ్గించింది. కీళ్ళు బిగుసుకుపోకుండా ఆపింది. పిల్లలను బద్దల నుంచి విడిపించింది. ఆమె సిద్ధాంతం తప్పు కాబట్టి పని కూడా తప్పే అయి ఉంటుందని భావించిన వైద్యులు ఎంతోమంది పిల్లలకు కొన్ని సంవత్సరాల నష్టం కలిగించారు. వివరణను, ఫలితాన్ని వేరువేరుగా పరీక్షించాలన్నది ఈ ఘట్టం నేర్పే పాఠం.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
అ) లోవెట్, రైట్ కండర బలాన్ని ఎలా అంచనా వేశారు?
ఆ) కెన్నీ చికిత్సను, ఆమె సిద్ధాంతాన్ని ఎందుకు వేరుగా చూడాలి?

8. మంచం పట్టడమే ఒక ప్రమాదం

రెండో ప్రపంచ యుద్ధం తరువాత విశ్రాంతి వల్ల వచ్చే నష్టాలను శాస్త్రీయంగా కొలవడం మొదలైంది. 1947లో బ్రిటిష్ వైద్యుడు రిచర్డ్ ఆషర్, రోగిని మంచానికి పరిమితం చేయడంలో ఉన్న ప్రమాదాలపై ఒక చిన్న వ్యాసం రాశాడు. రక్తం గడ్డకట్టడం, పుండ్లు పడటం, ఎముకలు గుల్లబారడం, కీళ్ళు బిగియడం వంటివన్నీ అందులో చర్చించాడు. 1948లో డీట్రిక్, వీడన్, షోర్ అనే అమెరికా పరిశోధకులు మరింత సూటైన ప్రయోగం ప్రచురించారు. ఏ జబ్బూ లేని నలుగురు యువకులను నడుము నుంచి కాళ్ళ దాకా పిండికట్టులో 6 నుంచి 7 వారాలు ఉంచారు. వారి శరీరాలు కాల్షియాన్ని, కండరంలోని మాంసకృత్తులను కోల్పోయాయి. నిలబెట్టినప్పుడు కళ్ళు తిరిగి పడిపోయే లక్షణం పెరిగింది. జబ్బు లేకపోయినా కదలకపోవడమే నష్టం చేస్తుందని దీనితో రుజువైంది.

తరువాతి అడుగు టొరంటో వైద్యుడు రాబర్ట్ సాల్టర్‌ది (1924–2010). ఎముకల చివరల మీద ఉండే నున్నని మృదులాస్థికి రక్తనాళాలు లేవు. కీలు కదిలినప్పుడు అందులోని ద్రవం ద్వారానే దానికి పోషణ అందుతుంది. ఈ దృష్టితో ఆయన 1970 నుంచి కుందేళ్ళ మోకాళ్ళపై ప్రయోగాలు చేశాడు. కట్టి ఉంచిన మోకాలి కంటే, యంత్రంతో ఆగకుండా నెమ్మదిగా కదిలించిన మోకాలిలో మృదులాస్థి బాగా అతుక్కుందని కనుగొన్నాడు. 1978 నుంచి ఈ యంత్రాన్ని మనుషులకు వాడసాగారు. జాండర్ ఆవిరియంత్రాల ఆలోచన వంద సంవత్సరాల తరువాత కొత్త ఆధారంతో తిరిగి వచ్చిందన్నమాట.

9. భారతదేశంలో: కుష్ఠువ్యాధి, వెల్లూరు

మన దేశంలో ఈ చరిత్రలోని ఒక ముఖ్యమైన అధ్యాయం చిత్తూరు జిల్లా సరిహద్దుకు దగ్గరలో ఉన్న వెల్లూరులో నడిచింది. తెలుగు జిల్లాల నుంచి ఎందరో రోగులు వెళ్ళే క్రైస్తవ వైద్య కళాశాలలో శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్ (1914–2003) 1946లో చేరాడు. ఆయన తమిళనాడులోని కొల్లిమలైలో పుట్టినవాడు. చెంగల్పట్టు కుష్ఠువ్యాధి ఆసుపత్రిలో వంకరపోయిన రోగుల చేతులు చూశాడు. కుష్ఠువ్యాధి వేళ్ళను తినేస్తుందని అప్పటి నమ్మకం. నిజానికి నరాలు దెబ్బతినడంతో కొన్ని కండరాలు పడిపోయి వేళ్ళు గోళ్ళలా ముడుచుకుంటాయి. స్పర్శ లేకపోవడం వల్ల దెబ్బలు, కాలిన పుండ్లు తెలియక వేళ్ళు నశిస్తాయి.

ముంజేతిలోని ఆరోగ్యవంతమైన కండరపు స్నాయువును వేళ్ళకు కలిపితే చెయ్యి మళ్ళీ తెరుచుకుంటుందని బ్రాండ్ బృందం చూపింది. స్నాయువు అంటే కండరాన్ని ఎముకకు కలిపే గట్టి తాడు వంటి కణజాలం. అయితే ఈ శస్త్రచికిత్సకు ఒక షరతు ఉంది. వేలి కీళ్ళు మెత్తగా ఉండాలి. బిగుసుకుపోయిన వేలికి ఎంత బలమైన కండరాన్ని కలిపినా అది కదలదు. అందువల్ల శస్త్రచికిత్సకు ముందు నూనె మర్దన, వేళ్ళను నెమ్మదిగా చాపడం వారాల తరబడి సాగేవి. తరువాత కొత్త పని నేర్పడం ఉండేది. నిన్నటిదాకా ఒక పని చేసిన కండరం నేడు మరో పని చేయాలి. ఆ సంగతి రోగి మెదడుకు వ్యాయామం ద్వారానే అలవడుతుంది. శస్త్రవైద్యుడి కత్తి చేసే పని కొద్ది గంటలది. దానికి ముందూ వెనుకా ఫిజియోథెరపిస్టు చేతుల పని వారాలది.

అదే కళాశాల వైద్యురాలు మేరీ వర్గీస్ కథ కూడా ఇక్కడ చెప్పుకోవాలి. 1954లో జరిగిన ప్రమాదంలో ఆమె రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. చక్రాల కుర్చీలో కూర్చునే శస్త్రచికిత్సలు చేసింది. న్యూయార్క్‌లో పునరావాస వైద్యంలో శిక్షణ పొంది తిరిగి వచ్చి వెల్లూరులో ఆ విభాగానికి నాయకత్వం వహించింది. 1966లో అక్కడ పునరావాస సంస్థ ప్రారంభమైంది. బొంబాయిలో 1950ల ఆరంభంలో కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ఫిజియోథెరపీ పాఠశాల, 1955లో అఖిల భారత భౌతిక వైద్య, పునరావాస సంస్థ ఏర్పడ్డాయి. ఇలా ఈ వృత్తి దేశంలో వేళ్ళూనుకుంది. ఫిజియోథెరపిస్టులను కూడా చేర్చుకున్న జాతీయ అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం 2021లో వచ్చింది. స్వీడన్‌లో 1887లో దక్కిన గుర్తింపుతో దీన్ని పోల్చి చూడండి.

10. నేటి స్థితి

భారతదేశంలో చివరి సహజ పోలియో కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో నమోదైంది. 2014 మార్చిలో దేశం పోలియో రహితమని ధ్రువీకరణ లభించింది. కాని పక్షవాతం, ప్రమాదాల్లో వెన్నుపాము గాయాలు, మధుమేహం ఉన్నవారిలో ఎక్కువగా కనిపించే భుజం బిగుతు వంటివి ఈ వ్యాయామాల అవసరాన్ని నిలబెట్టాయి.

నేడు వీటిపై పరిశోధన మరింత కఠినంగా జరుగుతోంది. ఫలితాలు ఎప్పుడూ చలన వాదులకు అనుకూలంగా లేవు. మోకాలి కీలు మార్పిడి తరువాత సాల్టర్ తరహా యంత్రాన్ని వాడితే కలిగే అదనపు లాభం చాలా స్వల్పమని 2014లో అధ్యయనాలన్నింటినీ కలిపి చూసిన సమీక్ష తేల్చింది. నాడీ సంబంధ వ్యాధులున్నవారిలో కండరాలను సాగదీయడం మాత్రమే చేస్తే కీలు పరిధి చెప్పుకోదగినంత పెరగదని 2017 నాటి మరో సమీక్ష చెప్పింది. దీని అర్థం పడిపోయిన చేతిని వదిలేయమని కాదు. రోగి తానే చేయగలిగే పనిని వీలైనంత త్వరగా చేయించాలని, ఇతరులు కదిలించడం దానికి బదులు కాదని నేటి ధోరణి.

11. సారాంశం

ఈ పాఠంలో రెండు వందల సంవత్సరాల వివాదాన్ని చూశాం. లింగ్ కదలికను మోతాదుగా మార్చాడు. థామస్ విశ్రాంతిని సూత్రంగా మార్చాడు. లూకా-షాంపియోనియేర్ ఆ సూత్రానికి హద్దు గీశాడు. లోవెట్, రైట్ ఏ కండరానికి ఏ వ్యాయామమో నిర్ణయించే పరీక్షను ఇచ్చారు. కెన్నీ తప్పు సిద్ధాంతంతోనే సరైన చికిత్సను నిలబెట్టింది. ఆషర్, డీట్రిక్ బృందం, సాల్టర్ కదలకపోవడం వల్ల కలిగే నష్టాన్ని ఆధారాలతో చూపారు. వెల్లూరులో మెత్తని కీలు లేనిదే శస్త్రచికిత్స ఫలించదని తేలింది.

‘విశ్రాంతి మంచిదా, చలనం మంచిదా?’ అన్న ప్రశ్నకు ఒకే జవాబు దొరకలేదు. ఏ కీలుకు, ఏ దశలో, ఎంత మేర, ఎవరి బలంతో అని విడివిడిగా అడగడం నేర్చుకున్నప్పుడే రోగులకు మేలు జరిగింది. ఇంట్లో మంచం పక్కన కూర్చుని మీరు పడిపోయిన చేతిని ఎత్తేటప్పుడు ఫిజియోథెరపిస్టు ‘నొప్పి వచ్చేదాకా లాగొద్దు, ఆయన్ని కూడా ప్రయత్నించమనండి’ అని చెబితే, ఆ రెండు మాటల వెనుక ఈ చరిత్ర అంతా ఉంది.

12. మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. ఈ ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. 19వ శతాబ్దంలో విశ్రాంతి, చలన వాదాల మధ్య వివాదాన్ని కారణాలతో చర్చించండి.
2. పోలియో చికిత్సా చరిత్రలో ఎలిజబెత్ కెన్నీ స్థానాన్ని విమర్శనాత్మకంగా అంచనా వేయండి.

II. ఈ ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. నిష్క్రియ, సహాయక, సక్రియ వ్యాయామాల భేదాలు.
2. మొదటి ప్రపంచ యుద్ధం, ఫిజియోథెరపీ వృత్తి.
3. వెల్లూరులో కుష్ఠువ్యాధిగ్రస్తుల చేతుల శస్త్రచికిత్సలో వ్యాయామాల పాత్ర.
4. 1948 నాటి పిండికట్టు ప్రయోగం – దాని ప్రాముఖ్యం.